మాంచాల యేడ్చునా?

గత మాసమున కళాశాల విద్యార్థులు కొందరు పాటయొకదానిని చిత్రీకరింపబూని మా యింటికి వచ్చిరి. బాలచంద్రుడు మాంచాలను వీడ్కొని కారెంపూడి రణభూమికి పోవు ఘట్టమట. 1947లో వెలువడిన పల్నాటి యుద్ధం చిత్రమును గూడవల్లి రామబ్రహ్మముగారు ఆరంభింపగా, 1946లో వారు గతించుటచే ఎల్.వి. ప్రసాదుగారు పూర్తిచేసిరి. నాటివారికి ఎంతో హంగు; ఈ పిల్లలకు సెల్‌ఫోను, ముక్కాలిపీట, అట్టకత్తి మాత్రమే.

మాంచాల వేషమునకు మా పొరుగింటి కన్యను కోరిరి. తల్లి సమ్మతించెను గాని తండ్రి, “ఒకమారు లోకమున బడిన ముఖమును మరల నింటికి పిలుచుట యెట్లు?” అనెను. ఆ భయము తెలివిమాలినది కాదు. కూర్చిన చిత్రమును ఆమె చూచి యొప్పినగాని యూట్యూబున పెట్టరాదనియు, తల్లియు మేమును వెంట నుందుమనియు కాగితముపై వ్రాయించితిమి. తొలుత వారు మాచెర్లకడ ఎత్తిపోతల ననుకొనిరి. జలపాతము సుమారు 70 అడుగులు. క్రింది మడుగున మొసళ్లు. ఆ మాట అంతటితో ముగిసినది.

కారెంపూడి నాగులేటి యొడ్డున చిత్రణము. పాట ముందే పాడి పట్టుకొనిరి. దానిని మ్రోగించుచుండగా నటులు పెదవులు కదపవలెను. గాలి హోరు చిత్రమున వినబడదు గనుక వెలుతురొక్కటే చిక్కు. మిట్టమధ్యాహ్నపు టెండలో కనులక్రింద నల్లని నీడలు పడును. అందుచే ప్రొద్దున కొంత, సాయంకాలము కొంత. మా తెల్లదుప్పటిని ఇద్దరు బాలురు ఎండకెదురుగ చాపి పట్టుకొనగా, ఆ వెలుగు తిరిగి పిల్ల ముఖముమీద పడినది. దుప్పటికి ఇట్టి యోగము గలదని మే మెరుగము!

నాటకమువలె మొదటినుండి తుదివరకు నడపరు; వెలుగును బట్టి చివరిది ముందు, ముందుది వెనుక. ప్రొద్దున కుడిప్రక్కనున్న మల్లెదండ సాయంకాలము ఎడమకు మారిన సంగతి బాలురలో నొక్కడును గమనింపలేదు. తల్లి చూచునప్పటికి రెండు ముక్కలు తీసివేసిరి.

ప్రొద్దు వాలుచుండగా ఒకడు గ్లిసరిను సీసా తెచ్చి, “వీడ్కోలున నీవు వలవల యేడ్వవలెను” అనెను. పిల్ల కదలలేదు. “మాంచాల యేల యేడ్చును? అమ్మగారూ, మీరు చెప్పుడు” అని మావంక చూచెను. శ్రీనాథుని పేర నున్న పల్నాటి వీరచరిత్రమున ఆమె భర్తను యుద్ధమునకు పురికొల్పి పంపినదే గాని ఆపజూడలేదని చెప్పితిమి. “కన్నీరు లేక చూచువారి మనసు కరుగదండీ” యని బాలుడు. మేము ఊరకుంటిమి, వేషము ఆమెది, ముఖ మామెది. ఇంకను తర్కించుచుండగా ఎండ ఏటిగట్టు దాటజొచ్చెను. తుదకు ఆమె కోరినట్లే తీసిరి: కత్తి యందించి, అతడు కనుమరుగగువరకు రెప్పవేయక నిలుచుండెను. అట్టకత్తియని అప్పుడు మాకు తోపలేదు.

కూర్చిన చిత్రమును పదిదినములకు పిల్ల చూచి యొప్పుకొనెను. తండ్రి మాత్రము రెండుమారులు చూచి, చాలసేపు మాటాడక, “పూలదండ ఎడమవైపున కెట్లు వచ్చినది?” అని యడిగెను. తల్లి నవ్వు ఆపుకొనలేక వంటయింటిలోనికి పోయినది. “సరే, పెట్టుకొనుమనుము” అని ఆయన ఫోను కూతురి చేతికిచ్చెను.