బంపరుకు పరిహారం, ఇంజనుకు మొండిచెయ్యి

కరువు సీమలో నీట మునిగిన కార్ల ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచెత్తడం చూసినవారు, 2020 నవంబరులో కడప వీధుల్లోకి వచ్చిన బుగ్గవంకను చూసినవారు అలా అడగరు. వరద లేని ఏడాది కూడా కె.సి. కాలువ ఉండనే ఉంది. దాని గట్టు వెంబడి వెళ్లే కారును ఎదుటి వాహనం ఢీకొంటే, అది పడేది నీటిలోనే.

అలా పడిన కారు విషయంలో బీమా కంపెనీలు ఒకే నష్టాన్ని రెండు ముక్కలు చేయజూస్తాయి. నలిగిన బంపరు ప్రమాద నష్టమట. నీరు చేరి పాడైన ఇంజను మాత్రం ‘పర్యవసాన నష్టం’ కనుక సమగ్ర పాలసీ పరిధిలోకి రాదట. ఈ విభజనను అంగీకరించరాదు. కారు నీటిలో పడింది ఢీకొనడం వల్లనే. నష్టానికి అసలు కారణమేదో దాన్నిబట్టే క్లెయిము తేల్చాలన్నది బీమా న్యాయంలో స్థిరపడిన సూత్రం.

అయితే ఆ వాదనకు బలమిచ్చే ఆధారాన్ని చాలాసార్లు మనమే చేజేతులా పోగొడతాం. కారును గట్టుకు లాగగానే ‘ఒకసారి చూద్దాం’ అంటూ తాళం తిప్పుతాం. సిలిండరులో చేరిన నీరు గాలిలాగా నొక్కుకుపోదు. కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఇది ప్రమాదం చేసింది కాదు, యజమాని చేసిందని సర్వేయరు రాస్తే కాదనడం కష్టం. కనుక తాళం ముట్టరాదు. నీటి మట్టం తెలిసేలా ఫొటోలు తీసి, పోలీసులకు, కంపెనీకి తెలిపి, కారును లాగించుకునే వెళ్లాలి. వరదలో మునిగిన ఇంజనుకైతే ‘ఇంజన్ ప్రొటెక్ట్’ అనే అదనపు రక్షణ ముందే కొని ఉండటం మేలు.

బీమాను షరీఅత్ దృష్ట్యా శంకించి, చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలసీతోనే సరిపెట్టుకునే కుటుంబాలు మనలో ఉన్నాయి. ఆ నిర్ణయం వారిది. ఆ పాలసీ కింద సొంత కారుకు పైసా రాదు. కానీ తప్పు ఎదుటి వాహనానిదైతే, దాని యజమాని మీద, బీమా కంపెనీ మీద మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో కారు నష్టాన్ని కోరే హక్కు వారికీ ఉంది. ఈ సంగతి చెప్పేవారే తక్కువ.

పాత కారు కొన్నవారి చిక్కు వేరు. ఆర్సీ తన పేరుకు మారినా, పాలసీ పాత యజమాని పేరునే ఉంటే సొంత నష్టం రాదు. 1995లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. బదిలీ జరిగిన 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేయాలి. ‘షేక్’ అన్న ఒక్క మాటకే ఆధార్‌లో ఒక ఆంగ్ల వర్ణక్రమం, ఆర్సీలో మరొకటి ఉండటం మన ఇళ్లలో మామూలే. క్లెయిము ఆపడానికి ఆ సాకు దొరక్కుండా పాలసీ తీసుకున్న రోజే సరిచేయించుకోవాలి. మసీదు కమిటీలు జుమా తరువాత ఒక గంట ఈ కాగితాలు చూసిపెట్టగలిగితే ఎందరికో ఉపకారం.

కంపెనీ నిరాకరించినా, ఫిర్యాదుకు నెల రోజుల్లో బదులివ్వకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా రాయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు. ఈలోగా బంపరు డబ్బు ఇస్తామంటూ ‘పూర్తి పరిష్కారం’ అని రాసిన వోచరు ముందు పెడితే, మిగతా నష్టంపై అభ్యంతరం ఉందని దానిమీదే రాసి సంతకం చేయండి.