దీపం ఆర్పితే రోగం పోదు

నల్లగొండ–దేవరకొండ రోడ్డు మీద మా అన్న నడిపే కారు పాతది. గ్యాస్ కిట్టు పెట్టించి, ఆ సంగతి ఆర్.సి.లో కూడా రాయించినాడు. మొన్న ఎండాకాలంలో ఇంజన్ దీపం వెలిగింది, పెట్రోలు ఖర్చు పెరిగింది. షెడ్డుకు తీసుకపోతే మెకానిక్ తేలిగ్గా అన్నాడు: "గా బల్బు పీకేస్తే అయిపోతది అన్నా!"

ఆ బల్బు చెప్పేది ఆక్సిజన్ సెన్సర్ గోడు. ఈ పరికరం 1976లో వోల్వో కార్లతో రోడ్డెక్కింది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి ఇంజన్ కంప్యూటరుకు కబురు చేరవేస్తుంది. ఒక పాలు పెట్రోలుకు, తూకంలో, సుమారు 14.7 పాళ్ళ గాలి ఉండాలి. సెన్సర్ చెడితే ఈ లెక్క తప్పుతుంది. ఇంధనం వృథా, పొగ విషం, చివరకు ఖరీదైన కెటలిటిక్ కన్వర్టర్ కూడా పాడు.

అయితే మార్పులు చేసిన బండిలో సెన్సర్‌నే అనుమానించడమూ తొందరపాటే. పొగగొట్టం అతుకులో సందుంటే బయటిగాలి దూరి మంచి సెన్సర్ కూడా తప్పు చెబుతుంది. అందుకే ముందు అతుకులు, వైర్లు చూపించినం. తప్పు సెన్సర్‌దే అని తేలినంకనే, ఆ ఇంజనుకు సరిపోయే కొత్తది వేయించినం. దీపం ఆరింది.

మిత్రులారా! 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 నిబంధనలతో మన మోటారుసైకిళ్ళకూ ఈ సెన్సర్ వచ్చింది. మోత కోసం సైలెన్సర్ మార్చి, దీపం వెలిగితే వైరు తెంపే తమ్ముళ్ళు మన కాలేజీలోనే ఉన్నారు. ఆ పొగ పీల్చేది బస్టాండులో నిలబడ్డ మన అమ్మలే. వైరు తెంపే ముందు ఒక్కసారి వాళ్ళను తలుచుకోండి.