రెండు పట్టాలా? ఒక్క చదువా?

ఎం.బి.ఎ. చదవాలా, పర్యావరణం చదవాలా అని తేల్చుకోలేక కొట్టుమిట్టాడే విద్యార్థికి నేడు మూడో దారి తెరుచుకుంది. 2022 ఏప్రిల్‌లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ ఏకకాలంలో రెండు డిగ్రీలు చేయడానికి వీలు కల్పించింది. తరగతుల వేళలు అడ్డురాకపోతే రెండూ కాలేజీకి పోయి చదవవచ్చు. లేదా ఒకటి కాలేజీలో, మరొకటి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చేయవచ్చు. అయితే మిత్రులారా, దారి ఉన్నది కదా అని నడవాల్సిందేనా?

పేరు వెనుక రెండు పట్టాలుంటే ఉద్యోగం వెతుక్కుంటూ వస్తుందని కొందరంటారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏట్లో పడతాడని మరికొందరంటారు. ఇద్దరి చూపూ పట్టా మీదనే! మరి చదువు మాటేమిటి?

మన నల్లగొండనే తీసుకుందాం. నీళ్లలోని ఫ్లోరైడును తొలగించడానికి 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ – ఇవే సరంజామా. ఆఫ్రికా దేశాల దాకా మన ఊరి పేరు పోయింది. మరి మన పల్లెల్లో ఏమైంది? రోజూ నీళ్లు చూసి పటిక ఎంత వేయాలో చెప్పేదెవరు? ఆ పటికకు పైసలు పెట్టేదెవరు? అడుగున పేరుకున్న మడ్డిని ఎక్కడ పారబోయాలి? వీటికి నిలకడైన జవాబు దొరకలేదు. కాళ్లు వంకర్లు పోయిన పిల్లలు, నడుములు వంగిన పెద్దలు కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చేదాకా ఎదురు చూడాల్సి వచ్చింది. శాస్త్రం ఉండి నిర్వహణ కొరవడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ కావాలా?

ఇక రెండో వైపు చూడండి. బత్తాయి తోట లాభసాటి అని రైతు లెక్క వేసుకున్నాడు. నీళ్లు తగ్గితే ఇంకో బోరు, ఇంకా లోతుకు. మొక్క ఖర్చు, మోటారు ఖర్చు, వడ్డీ – అన్నీ లెక్కకొచ్చాయి. భూమి అడుగున నీరెంత ఉన్నదో మాత్రం ఎవరూ రాసుకోలేదు. బోరు ఎండింది, తోట ఎండింది, అప్పు మిగిలింది. రైతును అని ఏం లాభం? అప్పిచ్చినవాళ్ల పుస్తకంలో మాత్రం నీటికొక గడి ఉన్నదా? నీళ్లు లేని ఊళ్లను విడిచి పాలమూరు కూలీలు దేశమంతటా తిరిగి ఆనకట్టలు కట్టారంటే, దాని వెనుక ఉన్నదీ ఈ నీటి లెక్కే.

కాలం కూడా మారుతున్నది. స్టాక్ మార్కెట్లో నమోదైన మొదటి వెయ్యి పెద్ద కంపెనీలు తాము వాడిన నీరు, కరెంటు, వదిలిన వ్యర్థాల వివరాలను 2022–23 నుంచి ఏటేటా వెల్లడించాలని సెబీ నిబంధన పెట్టింది. ఆ అంకెలు రాయడానికి మనుషులు కావాలి. కాని కాలువలో నీటి రంగు చూసి పోల్చలేనివాడు రాసిన నివేదిక వట్టి నున్నటి కాగితమే!

అంచేత నా అభిప్రాయం ఇది: రెండూ చదవండి, కాని ఒక్క షరతు మీద. రెండు చదువులూ కలిసి జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒకటి మీ దగ్గర ఉండాలి. మిర్యాలగూడ రైసు మిల్లు ఊకను, బూడిదను ఏం చేయాలి? జడ్చర్ల దగ్గరి మందుల ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేయడానికి ఎంత ఖర్చు, చేయకపోతే ఊరికి ఎంత ఖర్చు? ఇలాంటి ప్రశ్న లేనివాళ్లు ఒక్క డిగ్రీనే శ్రద్ధగా చదివి, రెండోది లైబ్రరీలోనూ పొలం గట్ల మీదా నేర్చుకోవడం మేలు. ఇంటివాళ్లను అప్పులపాలు చేసి తెచ్చుకునే రెండో కాగితం ఎవరికి కావాలి? ఫీజులెంత, స్కాలర్‌షిప్ రెండో కోర్సుకూ వర్తిస్తుందా, మన యూనివర్సిటీ నియమాలు ఏమంటున్నాయి – చేరకముందే ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

అధ్యాపకులకు ఒక మనవి. కామర్సు విభాగం, సైన్సు విభాగం కలిసి ఒక్క ప్రాజెక్టుకైనా ఉమ్మడిగా మార్కులు వేయండి. పూర్వ విద్యార్థులకూ ఒక విన్నపం. మీ మిల్లుల, ఫ్యాక్టరీల గేట్లు మాకు తెరవండి. లెక్కల పుస్తకాలతో పాటు మురుగు కాలువలు కూడా చూపించండి. ఈ జిల్లాల నీటి లెక్క, పైసల లెక్క ఒక్క పుస్తకంలో రాయగల తరం మన కాలేజీ నుంచే బయలుదేరాలి!