పోగు తెగితే ఆగిపోయే మగ్గం

పాత ఇన్నోవా ఓనర్‌ని ఎవరినైనా కదిపి చూడండి. 'రెండు లక్షల కిలోమీటర్లు దాటింది, ఇంజిన్ జోలికే పోలేదు' అంటూ మురిసిపోతారు. నన్నడిగితే, ఆ ధీమాకి పునాది పడింది కార్ల షెడ్డులో కాదు, మగ్గం దగ్గర!

జపాన్‌లో సకిచి టయోడా 1924లో ఓ మరమగ్గం తెచ్చారు. ఒక్క పోగు తెగినా అది దానంతటదే ఆగిపోయేది. లోపమున్న బట్ట ముందుకెళ్లేదే కాదు. 1937లో ఆయన కొడుకు కిచిరో టయోటా కార్ల కంపెనీ పెట్టారు. మగ్గం సూత్రం అక్కడికీ వచ్చింది. తేడా కనిపిస్తే మామూలు వర్కరైనా తాడు లాగొచ్చు. సమస్య తేలకపోతే లైనంతా ఆగాల్సిందే.

మరి అంతటి కంపెనీలో పోగు తెగలేదా? తెగింది. 2009-10లో యాక్సిలరేటర్ పెడల్ సమస్యలతో లక్షల కార్లను వెనక్కి పిలిచారు. సకిచి మునిమనవడు అకియో అమెరికా కాంగ్రెస్ ముందుకెళ్లి, మనుషుల్ని తీర్చిదిద్దుకునే వేగాన్ని మించి ఎదగాలని చూశామని ఒప్పుకున్నారు.

అందుకే, ఏ కారు కొనబోతున్నా ఓనర్లను 'బండి బాగుందా?' అని అడిగి ఊరుకోకండి. 'పాడైనప్పుడు కంపెనీవాళ్లు ఏం చేశారు?' అని కూడా అడగండి. అసలు సంగతి అక్కడే తెలిసిపోతుంది.