సైన్సు వాడికి నవలలెందుకు?

“బి.ఎస్సీ. చదివేవాడికి నవలలెందుకోయ్?” అని మా హాస్టల్లో నన్ను అడగనివాడు లేడు. అడిగేవాళ్ళలో సగంమంది అర్ధరాత్రి దాకా సెల్‌ఫోన్లో సినిమాలు చూసేవాళ్ళే! వాళ్ళకు జవాబు చెప్పడానికి కాదుగానీ, తోటి పాఠకులకు నాకిష్టమైన మూడు నవలల గురించి చెబుదామని ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. నాకు చదవడం అలవాటు చేసింది గొప్ప సాహిత్యం కాదు. మా అమ్మ ట్రంకుపెట్టెలో అట్ట ఊడిపోయిన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’. అందుకే సీరియల్ నవలలంటే మూతి విరిచే పెద్దలతో నేను ఏకీభవించలేను.

మొదట చదవమనేది వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’. కూలివాడి కొడుకు సాంబయ్య రెక్కలు ముక్కలు చేసుకుని ఆసామి అవుతాడు. చితికిపోయిన భూస్వామి బలరామయ్య కూతురు వరూధినిని తన కొడుకు వెంకటపతికి చేసుకుంటాడు. ఆ అమ్మాయికి పల్లె గిట్టదు. కాపురం పట్నం చేరుతుంది, పొలం కరిగిపోతూ వస్తుంది. ముగింపు చెప్పను, చదువుకోండి.

ఈ నవల నేను రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది మొన్న ఫిబ్రవరిలో, మా మిరపకాయల కళ్ళంలో. రాత్రిళ్ళు నాన్న కాపలా పడుకుంటాడు. ఆయన చదువు ఐదో తరగతితో ఆగింది. బ్యాటరీ లైటు పట్టుకుని రోజుకు కొన్ని పేజీలు పైకి చదివి వినిపించాను. చెడిందంతా వరూధిని వల్లేనని నా అభిప్రాయం. అదే నాన్నతో అన్నాను. నాన్న చుట్ట ఆర్పి, “ఆ పిల్లదేం తప్పురా? సాంబయ్య పంతం కోసం చేసుకున్నాడుగానీ, పిల్ల మనసు అడిగాడా?” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. కాసేపాగి, “చదువయ్యాక నువ్వు ఊరికొస్తావంటావా?” అని అడిగాడు. నేను పేజీ తిప్పాను.

నా ఈ ఏటి ఫీజు కోసం చెరువు కింద అరెకరం తాకట్టులో ఉంది. వెంకటపతిని తిట్టుకుంటూ చదివినవాణ్ణి, ఆ రాత్రి తర్వాత తిట్టలేకపోయాను. పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న మిత్రులందరూ ఈ పుస్తకం ఎందుకు చదవాలో ఇంతకంటే చెప్పలేను.

రెండోది కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’. ఆయనా మనలాగే సైన్సు వాడు; ఫిజిక్సులో బి.ఎస్సీ. చేసి, కాశీలో ఎమ్మెస్సీలో చేరి పూర్తిచేయలేకపోయారు. సుందరం అనే కుర్రవాడు పలక పట్టిన నాటి నుంచీ అతని వెంటే నడిచి, ఈ చదువులు మనిషికేమిస్తున్నాయని నిలదీస్తారు. నడక కాస్త నెమ్మది, ఓపిక పట్టాలి. పరీక్షల ముందు మాత్రం చదవకండి, ఫీజు కట్టినందుకు బాధేస్తుంది.

ఇక కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. చిన్న పుస్తకం, ఒక్క రాత్రికి అయిపోతుంది. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి పోతాడు, అంతే కథ. రాసినాయన కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు. సైన్సు వాడికి నవలలెందుకనేవాళ్ళు ఆ అడవిని ఆయన ఎంత నిదానంగా, ఎంత దగ్గరగా చూశాడో చూడాలి. మన ప్రాక్టికల్ రికార్డుల్లో అంత పరిశీలన ఉంటే లెక్చరర్లు ఎర్రసిరా పెన్ను తీయరు.

మన లైబ్రరీలో ‘మట్టిమనిషి’ ఒక్కటే కాపీ ఉంది. గడువు దాటినా అది నా దగ్గరే ఉంది, లైబ్రేరియన్ గారు మన్నించాలి. సెలవులైపోయి నేను వచ్చేసరికి ఆఖరి ముప్పై పేజీలు మిగిలిపోయాయి. ఫోన్ చేసినప్పుడల్లా నాన్న “సాంబయ్య ఏమయ్యాడ్రా?” అంటున్నాడు. ఈ శనివారం ఊరెళుతున్నాను. ఈ సంచిక మీ చేతికందేసరికి పుస్తకం బీరువాలో ఉంటుంది.