బుఖారీ పాతదైతేనేం, పొగ దారి చూడండి

మా ఉర్దూ మీడియం బడిలో మౌల్వీసాబ్ ‘బుఖార్’ అనే లఫ్జ్‌కి రెండు మాయినేలు చెప్పారు. ఒకటి జ్వరం, రెండోది ఆవిరి. అదే లఫ్జ్ నుంచి పుట్టిన ‘బుఖారీ’ని మాత్రం నేను నలభై దాటాక శ్రీనగర్‌లో చూశాను. చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉండటానికి గదిలో పెట్టుకునే కట్టెల పొయ్యి అది. దాంతో నాలుగు రోజులు కుస్తీ పట్టాక నాకో రాయ్ ఏర్పడింది. కశ్మీర్ ముఖం చూడని మన నల్గొండ, కర్నూలు ఇళ్ళకు కూడా అది పనికొస్తుందనే ఈ నాలుగు మాటలు.

మా దుల్హాభాయ్‌ది బ్యాంకు ఉద్యోగం. శ్రీనగర్‌కు బదిలీ అయితే ఆపా, ఇద్దరు పిల్లలూ ఆయనతో వెళ్ళారు. అద్దె ఇల్లు, పై అంతస్తు. అక్కడ అక్టోబరు దాటగానే అందరికీ చలికాలం ఫికర్ మొదలవుతుంది. డిసెంబరు 21 నుంచి 40 రోజులు ‘చిల్లై కలాన్’, తర్వాత 20 రోజులు ‘చిల్లై ఖుర్ద్’, ఆఖర్న 10 రోజులు ‘చిల్లై బచ్చా’. మొదటి 40 రోజుల్లో నల్లాల్లో నీళ్ళు గడ్డకడతాయి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి హీటర్ ఒక్కదాన్నే నమ్ముకోరు. ఒంటిమీద ఫేరన్, దాని కింద నిప్పుల కాంగ్డీ, గదిలో బుఖారీ. స్తోమత ఉన్న ఇళ్ళల్లో, మసీదుల్లో హమామ్ ఉంటుంది. హమామ్ అంటే అక్కడ ఒట్టి స్నానాల గది కాదు. కింద కట్టెలు మండిస్తే పైన రాతిపలకల నేలంతా వెచ్చబడే గది.

నేను నవంబరులో వెళ్ళేసరికి దుల్హాభాయ్ పాత సామాన్ల దుకాణంలో ఒక బుఖారీ కొనుక్కొచ్చి మురిసిపోతున్నారు. ఇనప రేకు డ్రమ్ము, మూడు కాళ్ళు, ముందు చిన్న తలుపు, పైన చాయ్ కెటిల్ పెట్టుకునేంత చదును, వెనక పొగగొట్టం తగిలించే మూతి. కొత్తదాని ధరలో సగానికే వచ్చిందట. దాంతోపాటు తుప్పుపట్టిన పైపులు నాలుగు ముఫ్త్‌గా ఇచ్చారట. ఆయన సంతోషం నాకూ అంటుకుంది. ఇంటి దుమ్ము దులిపినట్టు బుఖారీని పైపైన తుడిచి, పైపులు ఒకదాంట్లో ఒకటి దూర్చి, కిటికీ అద్దం స్థానంలో రేకు పెట్టి, దానిలోంచి గొట్టాన్ని బయటికి తీశాం. ఆ రాత్రే రాజేశాం. తెల్లారేదాకా కట్టెలు సాగాలని గాలి తలుపు దాదాపు మూసేశాం. కిటికీలన్నీ బందోబస్తు చేసి పడుకున్నాం.

రాత్రి రెండింటికి చిన్న భాంజీ వాంతి చేసుకుంది. ఆపా లేచి, "సర్ దుఖ్‌రా రే" అంది. నాకూ తల పగిలిపోతోంది. పగలు తిన్న తిండి పడలేదనుకున్నాం. ఆపా పిల్ల ముఖం కడగడానికి నీళ్ళు తేబోయి, ఎందుకో ఊపిరాడక కిటికీ తలుపు ఒకటి తెరిచింది. పది నిమిషాల్లో అందరికీ కాస్త తేలికయింది. మేం చేసిన తెలివైన పని ఏదీ లేదు. అల్లాహ్ కాపాడాడు, అంతే.

కట్టెకు చాలినంత గాలి అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. మన నెత్తుట్లోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకున్న దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి, మత్తు, ఆ మత్తులోనే నిద్ర. ఆ నిద్రలోంచి లేవనివాళ్ళు ప్రతి చలికాలం ఉంటున్నారు. 2025 జనవరిలో శ్రీనగర్ పాంద్రెఠాన్‌లో అద్దె ఇంట్లో భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు ఊపిరాడక చనిపోయారు. గది వేడెక్కించుకునే పరికరమే కారణమని అప్పుడు వార్తలొచ్చాయి. ఆ వార్త చదివినప్పుడు నాకు మా భాంజీ ముఖమే కనిపించింది.

మర్నాడు పొద్దున బుఖారీని వరండాలోకి లాగాం. పక్కింటి చాచా ఒకాయన, వయసులో పెద్దాయన, వచ్చి చూసి తల అడ్డంగా ఊపారు. ముందు దాని కడుపులో టార్చిలైటు పెట్టి, చీకటి గదిలోకి తీసుకెళ్ళమన్నారు. వెలుతురు ఎక్కడెక్కడ బయటికొస్తుందో పొగ అక్కడక్కడ బయటికొస్తుంది. అతుకుల దగ్గర సన్నటి గీతలు మూడు కనిపించాయి. తర్వాత స్క్రూడ్రైవర్‌తో రేకంతా పొడిచి చూడమన్నారు. పైతుప్పు అయితే వైరు బ్రష్‌తో పోతుంది. రేకే పలచబడి స్క్రూడ్రైవర్ దిగిపోతే దానికి మరమ్మతు అనవసరం, పారెయ్యాల్సిందే. మాది అడుగున ఒకచోట దిగింది. వెల్డింగ్ చేసేవాడితో అక్కడ మందం రేకు వేయించాం, అతుకులు మూయించాం. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగితే వదులుగా వచ్చేసింది. వేడికి తట్టుకునే తాడు చుట్టూ అతికించాక కాగితం చిరిగింది గాని రాలేదు. నల్లరంగు వేశాక రెండుసార్లు ఆరుబయటే మండించాం. కొత్త రంగు మొదటిసారి కాలేటప్పుడు వచ్చే పొగ ఇంట్లోకి రాకూడదు.

ఇక పైపుల దగ్గర దుల్హాభాయ్‌కీ నాకూ వాదన. కొత్త పైపుల ఖర్చు బుఖారీ ఖర్చుకు దగ్గరగా వచ్చింది. "పైపాంకు ఇత్తే పైసే కైకు?" అన్నారాయన. పొయ్యి కంటే గొట్టానికి ఎక్కువ పెట్టడమేమిటని ఆయన సవాల్. ముఫ్త్‌గా వచ్చినవాటిలో రెండు జింకు పూత రేకువి. అలాంటివి పొయ్యికి దగ్గరగా బాగా వేడెక్కితే పూత నుంచి వచ్చే పొగ కూడా జహరే. మిగతా రెండు లోపల మసి పేరుకుని సగం మూసుకుపోయాయి. ఆ మసి జిగురులాంటిది, పచ్చికట్టెలు కాల్చితే ఇంకా ఎక్కువ పడుతుంది. ఎప్పుడో ఒకరోజు అదే అంటుకుని గొట్టం మొత్తం మంటవుతుంది.

చివరికి ఆపా కలగజేసుకుంది. "రాత్రి పిల్లకు వాంతులైంది మీ లెక్కలో ఎంత?" అని అడిగింది. దుల్హాభాయ్ ఇంకేం మాట్లాడలేదు. కొత్త పైపులు వచ్చాయి. గొట్టం కిటికీలోంచి బయటికొచ్చి ఆగిపోకుండా కప్పును దాటి పైకి లేచేలా పెట్టించాం. బుఖారీని కర్ర గోడకు 3 అడుగుల దూరం జరిపి, కింద ఇటుకలు పరిచి రేకు వేశాం. ఆరిన కట్టెలు కొన్నాం. రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే ఖణేల్‌మనాలి, చివర్లు పగుళ్ళిచ్చి ఉండాలి. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీళ్ళే. దాన్ని కాలిస్తే వేడి ఆ నీళ్ళను ఆవిరి చెయ్యడానికే పోతుంది. అప్పుడు నిజంగానే మౌల్వీసాబ్ చెప్పిన బుఖార్!

నేను చెప్పదలచుకున్నది ఇదీ. పాత పొయ్యి కొనడంలో, బాగుచేసుకోవడంలో తప్పేమీ లేదు. ఉన్న వస్తువును పారెయ్యకుండా వాడుకోవడం మంచి ఆదత్. కానీ కిఫాయత్ ఎక్కడ చెయ్యాలో, ఎక్కడ చెయ్యకూడదో తెలియాలి. పొయ్యి ఒంటిమీద చెయ్యొచ్చు, పొగ దారి మీద చెయ్యకూడదు. మనం సరిగ్గా ఉల్టా చేస్తాం. కనిపించే డ్రమ్ముకు రంగులు వేస్తాం, కనిపించని గొట్టాన్ని వదిలేస్తాం. ఎందుకంటే వెచ్చదనం అందరికీ అందుతుంది, పొగ ఆడవాళ్ళకూ పిల్లలకూ ఎక్కువ అందుతుంది. వాళ్ళను ఎవరూ అడగరు.

ఇది కశ్మీర్ వాళ్ళను చూసి చెప్తున్న మాట కాదు. మా అమ్మీని చూసి చెప్తున్నాను. మా పెంకుటింట్లో వంటగదికి కిటికీ లేదు, గొట్టం లేదు. సర్కారు తుమ్మ, వేపకొమ్మ, తడిసిన రోజుల్లో పిడకలు. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మీ ఊదుగొట్టం పట్టుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని ఉండేది. ఏడుస్తోందో పొగకో తెలిసేది కాదు. ఆ రోజుల్లో అబ్బా సైకిల్ కొన్నారు, రేడియో కొన్నారు, దర్వాజాకు రంగు వేయించారు. వంటగది కప్పుకు జానెడు కంత పెట్టించాలని ఆయనకూ తోచలేదు, పెద్దవాణ్ణయ్యాక నాకూ తోచలేదు. 1999లో దీపం పథకం వచ్చాక మా గల్లీలోకి గ్యాస్ వచ్చింది. అప్పటికి అమ్మీకి దమ్ము పట్టుకుంది. ఇప్పుడు ఇన్‌హేలర్ లేకుండా రెండు రకాతులు నిలబడి చదవలేదు. 2020 లెక్కల ప్రకారం ఇళ్ళల్లోని పొగ వల్ల ప్రపంచంలో ఏడాదికి 32 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అబ్బా చెడ్డవాడు కాదు. ఆయన హిసాబ్‌లో పొగ అనే పద్దే లేదు, అంతే.

గ్యాస్ వచ్చింది కదా, ఇప్పుడు మనకెందుకు ఈ గొడవ అంటారా? మన ఇళ్ళల్లో జచ్చా గదిని గుర్తుచేసుకోండి. కాన్పయిన పిల్లను, పసిగుడ్డును ఒక గదిలో పెట్టి, గాలి తగలకూడదని తలుపులు, కిటికీలు మూసి, మంచం కింద బొగ్గుల అంగేఠీ పెడతాం. లోబాన్ వేస్తాం. పసిపాప మగతగా పడుకుంటే "వెచ్చగా ఉంది, హాయిగా పడుకుంది" అనుకుంటాం. ఆ మగత ఏమిటో నాకు శ్రీనగర్‌లో తెలిసింది. పాడేరు, లంబసింగి, ఆదిలాబాద్ వైపు చలిలో రాత్రంతా కుంపటి లోపల పెట్టుకుని పడుకునేవాళ్ళూ ఉన్నారు. బుఖారీకి కనీసం గొట్టమైనా ఉంటుంది. అంగేఠీకి అదీ లేదు. పొగ రాని ఎర్రటి బొగ్గులు మంచివని మన పెద్దల నమ్మకం. పొగ కనిపించని బొగ్గు నుంచి కూడా ఆ గ్యాస్ వస్తుంది.

పెద్దల రివాజ్‌ను ఎలా కాదంటావు అనేవాళ్ళకు నా దగ్గర పెద్దల మాటే ఉంది. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంట్లోవాళ్ళతో సహా కాలిపోయినప్పుడు, నిప్పు మీకు దుష్మన్, పడుకునే ముందు ఆర్పెయ్యండి అనే అర్థం వచ్చేలా రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ చెప్పినట్టు సహీహ్ బుఖారీలో హదీసు ఉంది. మదర్సాలో ఇది పాఠంగా చదివినవాళ్ళే ఇంటికొచ్చి అంగేఠీ పక్కన పడుకుంటున్నారు. జచ్చాకు వెచ్చదనం కావాలి, కాదనను. కప్పండి, సాక్సులు, టోపీ వెయ్యండి, వేడినీళ్ళ సీసాలతో పక్క వెచ్చబెట్టి, పసిబిడ్డను పడుకోబెట్టే ముందు సీసా తీసెయ్యండి. నిప్పు మాత్రం గది బయటే ఉండాలి.

ఒక ఎతిరాజ్ ఉంది, అది న్యాయమైనది. కొత్త పైపు కొనే తాకత్ లేనివాడు ఏం చెయ్యాలి? కశ్మీర్‌లో కాంగ్డీ తప్ప గతిలేని కుటుంబాలున్నాయి, మన దగ్గర సిలిండర్ నింపించలేక మళ్ళీ కట్టెల పొయ్యికి వెళ్ళిన ఇళ్ళున్నాయి. వాళ్ళకు నసీహత్ చెప్పే హక్కు నాకు లేదు. అయితే వాళ్ళకు సాయం చేసే హక్కు, జిమ్మేదారీ మనకున్నాయి. రంజాన్‌లో జకాత్ తీసేటప్పుడు చీరలు, సేమ్యా ప్యాకెట్ల పక్కన ఒక గరీబు ఇంటి వంటగదికి పొగగొట్టం, ఒక సిలిండర్ రీఫిల్ పైసలు కూడా రాసుకోండి. అర్హులైనవాళ్ళ చేతికే ఆ రఖమ్ ఇవ్వండి. ఇదీ ఒకరి ఊపిరి నిలబెట్టే పనే.

ఆ చలికాలమంతా ఆపా రోజూ పడుకునే ముందు బుఖారీలో నిప్పు చల్లారిందాకా కూర్చునేది. బూడిద మూత ఉన్న ఇనప బకెట్‌లో వేసి బయట పెట్టి, అప్పుడు రజాయిలు కప్పేది. అర్ధరాత్రి దాటాక గది చల్లబడేది. పిల్లలు గునిసేవాళ్ళు. దుల్హాభాయ్ మాత్రం గునవలేదు. రాత్రి ఫోన్ చేస్తే ఆయనే ముందు చెప్పేవారు, "ఆర్పేశాం బావా, ఫికర్ మత్ కరో" అని.

మీ ఇంట్లో ఎక్కడ నిప్పు రాజుకుంటున్నా, కట్టెలది గాని బొగ్గులది గాని, ఈ రాత్రి దాని పక్కన కూర్చునే మనిషిని ఒక్క మాట అడగండి, తల నొస్తోందా, కళ్ళు మండుతున్నాయా అని. మా అమ్మీని ఆ మాట మేమెవరం అడగలేదు.