జేబులో నోటుబుక్కు

పిల్లలూ!

మీ తాతల చిన్నప్పుడు పలక, బలపం ఉండేవి. మీ అమ్మానాన్నల చేతికి నోటుబుక్కులు వచ్చాయి. ఇప్పుడా నోటుబుక్కు ఫోనులో దూరి, జేబులో పట్టేటంత చిన్నదయింది. వ్రాసుకొనటానికీ, వ్రాసినది దాచుకొనటానికీ ఫోనులో ఉండే ఈ ఏర్పాటును నోట్స్ యాప్ అంటారు. గూగుల్ వారి ‘కీప్’, మైక్రోసాఫ్ట్ వారి ‘వన్‌నోట్’, ఆపిల్ వారి ‘నోట్స్’ ఇటువంటివే.

వీటికి తరచుగా కొత్త హంగులు వచ్చి చేరుతుంటాయి. ఏ హంగు మీ చదువుకు సాయం చేస్తుంది? ఏది మీరు చేయవలసిన పనిని తానే చేసేస్తుంది? ఈ నెల ఇది తేల్చుకుందాం. అన్ని యాప్‌ల సంగతీ చెప్పటానికి చోటు చాలదు కాబట్టి, ఆపిల్ వారి ‘నోట్స్’ ఒక్కదాన్నే తీసుకుందాం.

ఈ యాప్ 2007లో మొదటి ఐఫోనుతోపాటు వచ్చింది. అప్పుడది చూడటానికి గీతలు గీసిన పసుపుపచ్చ కాగితంలాగా ఉండేది. దానిలో అక్షరాలు కొట్టి దాచుకొనటం తప్ప పెద్దగా ఏమీ చేయటానికి లేదు. 2015లో వేలితో బొమ్మ గీయటం, చేయవలసిన పనులు వరుసగా వ్రాసుకొని అయినవాటికి టిక్కు పెట్టుకొనటం వచ్చాయి.

2017లో మరొక విశేషం చేరింది. కాగితాన్ని బల్లమీద పెట్టి ఫోను కెమెరాతో చూపిస్తే చాలు. కాగితం వంకరగా ఉన్నా, ఫోను దాని నాలుగు అంచులూ పోల్చుకొని, చుట్టూ ఉన్న బల్లను కత్తిరించివేసి, కాగితాన్ని తిన్నగా చేసి దాచుతుంది. చేతివ్రాతలో ఉన్న మాటను వెతికిపెట్టటం కూడా ఆ ఏడే వచ్చింది. ‘యంత్రానికి చదువెలా వచ్చింది?’ అంటారేమో! ఎంతోమంది చేతివ్రాతల నమూనాలు చూపించి దానికి అలవాటు చేస్తారు. కొత్త అక్షరం ఎదురైతే, తాను చూసినవాటిలో అది దేనికి దగ్గరగా ఉన్నదో ఊహిస్తుంది. ప్రక్క అక్షరాలు కూడా ఆ ఊహకు సాయపడతాయి. ఊహ కాబట్టి అప్పుడప్పుడు తప్పుతుంది కూడా.

2023లో ఒక నోటుకూ మరొక నోటుకూ లంకె వేయటం వచ్చింది. మీరు ‘వర్షం’ అనే నోటు వ్రాశారనుకోండి. అందులో ‘నీరు ఆవిరి కావటం’ అనే పాతనోటుకు లంకె వేసుకొనవచ్చును. దాన్ని వేలితో తాకితే ఆ నోటు తెరుచుకుంటుంది. అయితే ఆ రెండింటికీ సంబంధం ఉన్నదని కనిపెట్టవలసింది మీరే. యాప్ ముడి వేస్తుంది, అంతే.

ఇంతవరకు చెప్పినవన్నీ మంచి గుమాస్తా చేసే పనులు. కాగితాలు భద్రపరచటం, అడిగినప్పుడు వెతికి ఇవ్వటం, ఏ కాగితం ప్రక్కన ఏది ఉండాలో మనం చెబితే అలా సర్దటం. వీటిని యంత్రానికి అప్పగించినందువల్ల మనకు పోయేదేమీ లేదు.

2024లో వచ్చిన రెండు హంగుల సంగతి వేరు. మొదటిది లెక్కలు చేయటం. మీరు ‘12 × 15’ అని వ్రాసి సమానం గుర్తు పెట్టగానే, దాని ప్రక్కన 180 దానంతటదే పడుతుంది. ఐప్యాడ్ పలకమీద పెన్సిలుతో వ్రాస్తే, జవాబు ఇంచుమించు మీ చేతివ్రాతలోనే వస్తుంది! పైన అంకె మారిస్తే క్రింద జవాబు కూడా మారుతుంది.

ఇప్పుడు చదవటం కాస్త ఆపి ఈ లెక్క చేయండి. ఒక రైతు తన పొలం గట్టుమీద ఒకే వరుసలో కొబ్బరిమొక్కలు నాటదలచాడు. గట్టు పొడవు 80 మీటర్లు. మొక్కకూ మొక్కకూ మధ్య 8 మీటర్ల ఎడం ఉండాలి. గట్టుకు ఈ చివరా ఆ చివరా కూడా మొక్క ఉండాలి. మొత్తం ఎన్ని మొక్కలు కావాలి?

‘80 ÷ 8’ అని వ్రాస్తే యాప్ 10 అని చెబుతుంది. రైతు 10 మొక్కలు తెచ్చి నాటుతాడు. చివరి గొయ్యి ఖాళీగా మిగిలిపోతుంది! కావలసినవి 11 మొక్కలు. 10 అన్నది మధ్యనున్న సందుల లెక్క. మీ అరచేయి చాచి చూడండి: వేళ్లు 5, వాటి మధ్య సందులు 4.

యాప్ చేసిన భాగారంలో తప్పు లేదు. మనం దాన్ని అడిగిన ప్రశ్నే తప్పు. ఏది దేనితో భాగించాలో, వచ్చినది సందులో మొక్కలో ఆలోచించటమే అసలు లెక్క. మీరు కాగితంమీద గట్టు బొమ్మ గీసి, ‘సందులు 10’ అని ఒక్క మాట వ్రాసి ఉంటే, తప్పు మీకే తెలిసేది. లేకపోతే మీ మాస్టారు చూసి, ‘ఇదిగో, ఇక్కడ అడుగు తప్పావు’ అని చూపించేవారు. ఉత్త 10 కనిపిస్తే ఆయన మాత్రం ఏమి చెప్పగలరు?

దారి వ్రాసిపెట్టకపోతే ఎంత శ్రమ అవుతుందో చూడండి. 1887లో పుట్టిన శ్రీనివాస రామానుజన్‌కు కాగితం కొనటం కష్టంగా ఉండేది. అందుకని పలకమీద లెక్క చేసి, మోచేతితో తుడిచి, తేలిన ఫలితాన్ని మాత్రం నోటుబుక్కులో ఎక్కించేవారు. ఆయన 1920లో, 32 ఏళ్ల వయసులోనే కన్నుమూశారు. ఆ ఫలితాలకు దారులు వెతకటం పెద్ద పెద్ద గణితవేత్తలకే ఏళ్లతరబడి పని అయింది. అమెరికాకు చెందిన బ్రూస్ బెర్న్ట్ ఆ నోటుబుక్కులను ఉపపత్తులతో సహా 5 సంపుటాలుగా వెలువరించారు. మొదటిది 1985లో, చివరిది 1998లో వచ్చాయి. రామానుజన్‌కు పలక తుడవక తప్పలేదు. మీకు ఆ అవసరం లేదు. కాబట్టి దారిని తుడవకండి!

రెండవ హంగు వినటం. పాఠం జరుగుతూ ఉండగా యాప్ ఆ మాటలను రికార్డు చేసి, కొన్ని భాషలలో వాటిని అక్షరాలుగా మార్చి పెడుతుంది. ఇది చెవి సరిగా వినబడనివారికి, జ్వరం వచ్చి బడి మానినవారికి ఎంతో మేలు. కాని రోజూ దానిమీదే ఆధారపడితే, మాటలన్నీ ఫోనులో చేరతాయి, మన బుర్రలో ఏదీ చేరదు.

పామ్ ముల్లర్, డానియల్ ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు 2014లో ఒక పరిశోధన ప్రకటించారు. కంప్యూటరులో నోట్సు కొట్టుకొనే విద్యార్థులు మాటకు మాట దింపుకుంటున్నారనీ, విషయం అర్థమైతే తప్ప చెప్పలేని ప్రశ్నలలో వెనుకబడుతున్నారనీ అందులో వ్రాశారు. 2021లో మరికొందరు ఆ ప్రయోగాన్నే మళ్లీ చేశారు. మాటకు మాట దింపుకొనటం అప్పుడూ కనిపించింది. మార్కులలో తేడా మాత్రం స్పష్టంగా తేలలేదు. కాబట్టి కలమా, ఫోనా అన్నదానికోసం పోట్లాడుకోకండి. విన్నదాన్ని మీ సొంత మాటలలో చెప్పగలరా లేదా అన్నది చూసుకోండి.

ఇంట్లో ఫోను లేదని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ పాక్ అనే అధ్యాపకుడు యాప్‌లు పుట్టకముందే ఒక పద్ధతి చెప్పారు. పుటకు ఎడమప్రక్క సన్నని పట్టీ, అడుగున కొంచెం జాగా వదలండి. కుడివైపున పాఠం వ్రాసుకోండి. ఇంటికి వచ్చాక ఎడమపట్టీలో ప్రశ్నలు వ్రాయండి. అడుగున పాఠం సారాంశాన్ని రెండు మూడు వాక్యాలలో చెప్పండి. తరువాత కుడివైపు మూసి, ఆ ప్రశ్నలకు జవాబులు చెప్పుకోండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు ఫోనులో నోట్సు చూపిస్తే, ఎంత వ్రాశాడో చూసి సంతోషించి ఊరుకోకండి. ఫోను ప్రక్కన పెట్టించి, ‘ఏదీ, నాకు చెప్పు నాయనా’ అని అడగండి. మీకు ఆ పాఠం తెలియకపోతే మరీ మంచిది. తెలియనివారికి చెప్పేటప్పుడే తనకెంత తెలుసో వాడికి తెలుస్తుంది.

పిల్లలూ, ఇక ఈ నెల పని. ఆ రైతే ఒక గుండ్రని చెరువు చుట్టూ మొక్కలు నాటదలచాడు. చెరువుగట్టు చుట్టుకొలత 80 మీటర్లు. గట్టు వెంబడి కొలిస్తే మొక్కకూ మొక్కకూ 8 మీటర్ల ఎడం. ఎన్ని మొక్కలు కావాలి? ముందు బొమ్మ గీసి, జవాబు వ్రాసి, ఆ జవాబు ఎందుకు వచ్చిందో ఒక వాక్యంలో చెప్పండి. ఆ తరువాత కావాలంటే యాప్‌ను అడగండి.